మానసిక ఆరోగ్యానికి మనుషులు కావాలి: సర్కారు డబ్బు దేని మీద పెట్టాలి?

మానసిక ఆరోగ్యానికి మనుషులు చాలడం లేదన్న మాట మీద ఎవరికీ పేచీ లేదు. కొంత డబ్బు మంజూరైంది, దాన్ని ఎక్కడ పెడదాం అనగానే పేచీ మొదలవుతుంది. ఒకరు కాలేజీ సీట్లు పెంచమంటారు, ఒకరు వెనకబడిన ప్రాంతాలకు వెళ్ళే డాక్టర్ల చదువు అప్పులు తీర్చమంటారు, ఇంకొకరు ఇప్పటికే ఊళ్ళలో తిరుగుతున్న ఆరోగ్య కార్యకర్తలకు ట్రైనింగ్ ఇస్తే చాలంటారు. ఎవరి మాటలోనూ తప్పు లేదు. కానీ ఉన్న డబ్బు ఒకటే, ఎంచుకోక తప్పదు. అలాంటి మీటింగులో కూర్చోబోయే వాళ్ళ కోసం, బడ్జెట్ మీద అర్జీ పెట్టాలనుకునే వాళ్ళ కోసం, మన పన్నులు ఎటు పోతున్నాయో తెలుసుకోవాలనుకునే మామూలు మనుషుల కోసం ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, నేను తటస్థంగా లేను. మూడేళ్ళు కాంట్రాక్ట్ కౌన్సెలర్‌గా పనిచేశాను. ఈ డబ్బు ఎక్కడ కారిపోతుందో దగ్గర నుంచి చూశాను. అందుకే ఒక ఖర్చు గురించి, పనిచేసేవాళ్ళకి అనుభవం ఉన్న మనిషిని తోడు ఉంచే ఖర్చు గురించి, ఇందులో పదే పదే మాట్లాడతాను.

కొరత ఎంతో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మానసిక ఆరోగ్య అట్లాస్ అనే నివేదిక లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద లక్ష మంది జనాభాకు మానసిక ఆరోగ్య సిబ్బంది సుమారు 13 మంది. డాక్టర్లు, నర్సులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు అందరినీ కలిపి చెప్పిన అంకె ఇది. పేద దేశాల్లో ఇది రెండు కూడా లేదు, ధనిక దేశాల్లో అరవై దాటుతుంది. ప్రభుత్వాలు తమ ఆరోగ్య బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి ఇచ్చేది దాదాపు 2 శాతం. మధ్య ఆదాయ దేశాల్లో ఇచ్చే ఆ కాస్తలో కూడా 70 శాతానికి పైగా పెద్ద మెంటల్ హాస్పిటళ్ళకే వెళ్ళిపోతోంది. అంటే ఇంటికి దగ్గర్లో మాట్లాడే మనిషి కోసం మిగిలేది చిటికెడు. ఆ చిటికెడు గురించే మనం ఇంతగా ఆలోచించాల్సి వస్తోంది.

ముందు మీ కొరత ఏ రకందో తేల్చుకోండి

"సిబ్బంది లేరు" అని అందరూ ఒకే మాట అంటారు గానీ, దాని వెనక నాలుగు వేర్వేరు పరిస్థితులు ఉండొచ్చు. మొదటిది, చదువుకున్న వాళ్ళే దేశంలో లేరు. రెండోది, ఉన్నారు కానీ పెద్ద నగరాల్లో, ప్రైవేటులో ఉన్నారు. మూడోది, పోస్టులు కాగితం మీద ఉన్నాయి కానీ జీతం చూసి ఎవరూ చేరడం లేదు. నాలుగోది, చేరుతున్నారు కానీ ఏడాది, ఏడాదిన్నరలో మానేస్తున్నారు.

ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. చదువుకున్న వాళ్ళు ఉండీ చేరకపోతుంటే సీట్లు పెంచి లాభం లేదు, ఇంకా ఎక్కువ మంది బయటికి పోతారు. చదువుకున్న వాళ్ళే లేనప్పుడు పోస్టులు మంజూరు చేస్తే అవి ఖాళీగా ఉంటాయి, డబ్బు ఖర్చు కాక ఏడాది చివర వెనక్కి పోతుంది. భారతదేశ అనుభవమే చూడండి. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది, 1996 నుంచి దాన్ని జిల్లాల స్థాయికి తెచ్చారు. జిల్లా టీమ్‌లో సైకియాట్రిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, సోషల్ వర్కర్, నర్సు ఉండాలన్నారు. ఆలోచన మంచిదే, కానీ ఆ అర్హతలున్న మనుషులు దొరక్క చాలా చోట్ల పోస్టులు భర్తీ కాలేదు, ఇచ్చిన నిధులు పూర్తిగా ఖర్చు కాలేదన్న ఫిర్యాదు ఏళ్ళ తరబడి వినిపించింది. ఆ తర్వాత 11వ పంచవర్ష ప్రణాళిక కాలంలో మనుషుల్ని తయారు చేసే పథకం విడిగా తెచ్చి, ఎంపిక చేసిన సంస్థల్ని ఎక్సలెన్స్ సెంటర్లుగా పెంచడానికి, పీజీ విభాగాలను బలపరచడానికి డబ్బు ఇచ్చారు. పోస్టులు ముందు, మనుషులు తర్వాత. ఈ వరస తిరగబడినందుకు పోయిన కాలాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది.

కాబట్టి మీటింగులో మొదటి పది నిమిషాలు దీనికే పెట్టండి. మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, గత రెండేళ్ళలో మానేసిన వాళ్ళు ఎంతమంది, ఎందుకు మానేశారు? ఈ నాలుగు జవాబులు లేకుండా ఎవరైనా పథకం ప్రతిపాదిస్తే ఆగమని చెప్పండి.

కాలేజీ సీట్లు పెంచడం

దీనికున్న బలం ఏంటంటే ఇది నిలిచేది. ఒక మంచి పీజీ విభాగం ఒకసారి నిలదొక్కుకుంటే ముప్పై నలభై ఏళ్ళు మనుషుల్ని ఇస్తూనే ఉంటుంది. పైగా తీవ్రమైన జబ్బుల్ని గుర్తించడానికి, మందులు రాయడానికి, కింద స్థాయి వాళ్ళకి నేర్పడానికి స్పెషలిస్టులు కావాల్సిందే. ఆ పని వేరే ఎవరూ చేయలేరు.

బలహీనత కాలం. భారత్‌లో లెక్కే తీసుకుంటే ఎంబీబీఎస్ అయిన తర్వాత మూడేళ్ళ పీజీ, ఇంటర్ నుంచి లెక్కపెడితే ఎనిమిదేళ్ళ పైమాటే. ఈ ఏడాది మంజూరైన డబ్బుకి ఫలితం వచ్చేసరికి రెండు ఎన్నికలు గడిచిపోతాయి, అందుకే రాజకీయంగా దీనికి ఓపిక ఉండదు. రెండో బలహీనత వలస. చదివించేది ఒక దేశం, జీతం ఇచ్చి తీసుకుపోయేది ఇంకో దేశం. ఈ బాధ ఎంత పెద్దదంటే, ఆరోగ్య సిబ్బందిని పరాయి దేశాల నుంచి తీసుకునేటప్పుడు ఎలా నడుచుకోవాలో చెబుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక నియమావళే తెచ్చింది. అది ఎవరినీ కట్టడి చేసే చట్టం మాత్రం కాదు.

అయితే ఇథియోపియా చేసిన పని నాకు చాలా ధైర్యం ఇస్తుంది. 2003లో అంత పెద్ద దేశానికి ఉన్న సైకియాట్రిస్టులు 11 మంది. అంతకుముందు ఈ చదువు కోసం బయటి దేశాలకు పంపేవాళ్ళు, పోయిన వాళ్ళలో చాలామంది తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఆ ఏడాది అడిస్ అబాబా యూనివర్సిటీ, కెనడాలోని టొరంటో యూనివర్సిటీ కలిసి దేశంలోనే పీజీ కోర్సు మొదలుపెట్టాయి. టొరంటో అధ్యాపకులే విడతలు విడతలుగా వచ్చి, స్థానిక అధ్యాపకులతో కలిసి, అక్కడి వార్డుల్లోనే, అక్కడి రోగుల దగ్గరే నేర్పారు. అలా తయారైన వాళ్ళలో ఎక్కువమంది దేశంలోనే ఉండిపోయారు, కొందరు తిరిగి అధ్యాపకులయ్యారు. సీట్ల మీద డబ్బు పెట్టేటప్పుడు గమనించాల్సింది ఇదే, ఎన్ని సీట్లు అన్నదానికన్నా ఎక్కడ నేర్పుతున్నారు అన్నది ముఖ్యం. రాజధానిలో, అన్ని వసతులున్న చోట మాత్రమే నేర్చుకున్న పిల్లలు మారుమూలకి వచ్చి ఏం చేయాలో తెలియక భయపడతారు, అది వాళ్ళ తప్పు కాదు.

ఎప్పుడు ఎంచుకోవాలి? మీ కొరత మొదటి రకం అయితే, కనీసం పదేళ్ళ వరకు నిధులు ఆగవన్న హామీ ఉంటే. ఆ హామీ లేకపోతే వద్దు. సగంలో ఆగిన కోర్సు వల్ల అందులో చేరిన పిల్లల జీవితాలు ఇరుకున పడతాయి.

చదువు అప్పు తీర్చడం, బాండ్లు

రెండో రకం కొరతకి, అంటే మనుషులున్నా కావాల్సిన చోట లేనప్పుడు, ఇది పనికొస్తుంది. అమెరికాలో 1970ల మొదటి నుంచి నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ అనే కార్యక్రమం ఉంది. సిబ్బంది కొరత ఉందని ప్రకటించిన ప్రాంతంలో నిర్ణీత కాలం పనిచేస్తానని ఒప్పుకుంటే చదువు అప్పులో కొంత ప్రభుత్వం తీరుస్తుంది. మానసిక ఆరోగ్య నిపుణులు, సోషల్ వర్కర్లు, కౌన్సెలర్లు కూడా దీని కిందికి వస్తారు.

ఫలితం త్వరగా కనబడుతుంది, ఈ ఏడాది ఒప్పందం రాస్తే ఈ ఏడాదే మనిషి వస్తాడు. కానీ ఒకటి మర్చిపోవద్దు, దీనివల్ల కొత్తగా ఒక్క మనిషి కూడా తయారు కాడు, ఉన్న మనిషి ఒక చోటి నుంచి ఇంకో చోటికి వస్తాడంతే. చదువు అప్పులే పెద్దగా లేని చోట దీనికి ఆకర్షణా ఉండదు.

ఇందులోనే రెండు పద్ధతులున్నాయి, వాటి మధ్య తేడా చాలా ఉంది. చదువు మొదట్లోనే స్కాలర్‌షిప్ ఇచ్చి "అయిపోయాక మేం చెప్పిన చోటికి వెళ్ళాలి" అని సంతకం పెట్టించుకోవడం ఒకటి, దీన్నే బాండు అంటారు. చదువైపోయి, పెళ్ళీ కుటుంబం అన్నీ తెలిసిన వయసులో "నువ్వు వెళ్తే నీ అప్పు తీరుస్తాం" అనడం ఇంకొకటి. అమెరికా రాష్ట్రాల కార్యక్రమాలను పోల్చి చూసినప్పుడు రెండో రకంలోనే ఒప్పందం పూర్తి చేసిన వాళ్ళు, ఆ తర్వాత కూడా ఉండిపోయిన వాళ్ళు ఎక్కువ. ఆలోచిస్తే సహజమే అనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల పెట్టిన సంతకం ఇరవై ఎనిమిదేళ్ళ మనిషిని కట్టిపడేస్తే ఆమె గడువు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, లేదా డబ్బు కట్టేసి బయటపడుతుంది. మానసిక ఆరోగ్యంలో ఇది ఇంకా నష్టం, ఎందుకంటే ఇక్కడ చికిత్స సగం నమ్మకం మీదే నడుస్తుంది, మనసు విప్పి చెప్పిన మనిషి రెండేళ్ళకి వెళ్ళిపోతే మళ్ళీ మొదటి నుంచి ఇంకొకరికి చెప్పుకోవడం ఎంత నరకమో ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళకే తెలుసు.

జీతం ఇస్తూ నేర్పడం

నాకు బాగా నచ్చిన పద్ధతుల్లో ఇదొకటి, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కింద, మాట ద్వారా చికిత్స ఇచ్చే ఐఏపీటీ అనే కార్యక్రమం 2008లో మొదలైంది. 2023 నుంచి దాని పేరు ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్. దీని వెనక ఉన్నది ఇద్దరు, ఆర్థికవేత్త రిచర్డ్ లేయర్డ్, సైకాలజిస్ట్ డేవిడ్ క్లార్క్. డిప్రెషన్, ఆందోళనతో పని చేయలేకపోతున్న వాళ్ళకి ప్రభుత్వం భృతి ఇస్తోంది, అదే వాళ్ళకి మాట ద్వారా చికిత్స ఇస్తే కోలుకుని పనిలోకి వెళ్తారు, ఆ మేరకు ఖర్చు తిరిగి వస్తుంది. ఇదీ వాళ్ళ వాదన. ముందు డాన్‌కాస్టర్, న్యూహామ్ అనే రెండు చోట్ల చేసి చూపించి, ఆ తర్వాతే దేశమంతటికీ డబ్బు అడిగారు. మొదటి మూడేళ్ళలో 3,600 మంది కొత్త థెరపిస్టులను తయారు చేయాలన్నది లక్ష్యం.

ఎవరిని తీసుకున్నారో గమనించండి. అందరూ పూర్తి స్థాయి సైకాలజిస్టులు కారు. రెండు మెట్లు పెట్టారు. తేలికపాటి సమస్యలకు ఏడాది శిక్షణ పొందిన ప్రాక్టీషనర్లు, కాస్త బరువైన వాటికి పూర్తి థెరపీ నేర్చిన వాళ్ళు. మొదటి రోజు నుంచే ఉద్యోగం, జీతం. వారంలో కొంత భాగం యూనివర్సిటీలో క్లాసు, మిగతాదంతా క్లినిక్‌లో సీనియర్ కళ్ళ ముందు పని. దీనివల్ల చదువుకోవడానికి డబ్బు లేని ఇళ్ళ పిల్లలు కూడా రాగలిగారు. చదువు ఒక చోట, పోస్టు ఇంకో చోట అన్న తగాదా లేదు, నేర్చుకున్న చోటే ఉద్యోగం. ఇంకో గొప్ప విషయం, ప్రతి సెషన్‌లో చిన్న ప్రశ్నపత్రంతో రోగి పరిస్థితి కొలుస్తారు, అందువల్ల ఎంతమంది కోలుకున్నారన్న అంకె ప్రభుత్వం దగ్గర ఉంటుంది. కోలుకునేవాళ్ళు 50 శాతం ఉండాలని, 75 శాతం మందికి ఆరు వారాల్లో చికిత్స మొదలవ్వాలని లక్ష్యాలు పెట్టుకున్నారు. నిధుల కోసం మళ్ళీ మళ్ళీ చేతులు చాచాల్సిన రంగంలో అలాంటి లెక్క చేతిలో ఉంటే ఎంత బలమో వేరే చెప్పాలా.

సమస్యలు లేవా అంటే ఉన్నాయి. కింది మెట్టులో ఉన్న వాళ్ళ మీద రోజుకి ఇంతమందిని చూడాలన్న ఒత్తిడి బాగా పడింది, అలసిపోయి మానేసేవాళ్ళు, పై మెట్టు శిక్షణకి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువై ఆ పోస్టులు ఖాళీ అవుతూ వచ్చాయి. మొదటి సెషన్ త్వరగా దొరికినా రెండో సెషన్‌కి చాలా రోజులు ఆగాల్సి రావడం ఇంకో ఫిర్యాదు. లక్ష్యం దేని మీద పెడితే శ్రద్ధ దాని మీదకే పోతుంది, మొదటి అపాయింట్‌మెంట్ తేదీ మీద పెడితే అదొక్కటే మెరుగవుతుంది. ఈ పద్ధతి ఎంచుకుంటే రెండో సెషన్‌కి ఎన్ని రోజులు పట్టిందో కూడా రాయమనండి.

ఊళ్ళో ఉన్న మనుషులకే నేర్పడం

డబ్బు తక్కువ, స్పెషలిస్టులు దాదాపు లేరు, రేపటి నుంచే ఏదో ఒకటి చేయాలి. అప్పుడు అందరి చూపూ దీని మీదే పడుతుంది, న్యాయంగానే.

జింబాబ్వే రాజధాని హరారేలో, ఎంబారే అనే పేట. 2006లో సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబండా అక్కడ 14 మంది అమ్మమ్మలతో పని మొదలుపెట్టారు. డిగ్రీలు లేని వాళ్ళు, కానీ పేటలో అందరికీ తెలిసిన ఆరోగ్య కార్యకర్తలు. క్లినిక్ ఆవరణలో చెట్టు కింద చెక్క బెంచీ వేసి, దాని మీద కూర్చుని వచ్చినవాళ్ళ కష్టం వింటారు, సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకుని దారి వెతకడానికి సాయం చేస్తారు. ఫ్రెండ్‌షిప్ బెంచ్ అంటారు. అక్కడ డిప్రెషన్ అన్న మాట వాడరు. షోనా భాషలో "కుఫుంగిసిస" అంటారు, అతిగా ఆలోచించడం అని అర్థం. మనవాళ్ళు "ఆలోచనలెక్కువై నిద్ర పట్టట్లేదు" అంటారే, అచ్చంగా అదే. 2016లో వచ్చిన పరీక్ష ఫలితాల ప్రకారం, ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం అందిన వాళ్ళలో దాదాపు 50 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు మిగిలితే, బెంచీ దగ్గరికి వచ్చిన వాళ్ళలో అది 14 శాతం.

ఇది ఒక్క చోటి ముచ్చట కూడా కాదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో లేడీ హెల్త్ వర్కర్లు డిప్రెషన్ ఉన్న గర్భిణులకు, కాన్పు తర్వాత కూడా, ఇచ్చిన సాయం మీద 2008లో ఫలితాలు వచ్చాయి. కాన్పైన ఆరు నెలలకి, ఈ సాయం అందని గుంపులో 53 శాతం మందికి డిప్రెషన్ ఉంటే, అందిన గుంపులో 23 శాతం మందికే ఉంది. గోవాలో మామూలు కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చేసిన కార్యక్రమం మీద 2017లో ఫలితాలు వచ్చాయి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళలో కోలుకున్నది 64 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందిన వాళ్ళలో 39 శాతం.

ఈ అంకెలు చూపించి "చూశారా, రెండు రోజుల ట్రైనింగ్ చాలు, డాక్టర్లు అక్కర్లేదు" అనే వాళ్ళు ప్రతి మీటింగులో ఒకరుంటారు. దయచేసి వాళ్ళని ఆపండి. రావల్పిండిలో మొదటి ట్రైనింగ్ చిన్నదే, నిజమే. కానీ నెలనెలా సగం రోజు కూర్చోబెట్టి, ఏ ఇంట్లో ఏం జరిగింది, నువ్వేమన్నావు, ఎక్కడ ఇరుక్కున్నావు అని మాట్లాడించేవాళ్ళు. గోవాలో కౌన్సెలర్లు సెషన్లను రికార్డు చేసి, గుంపుగా కూర్చుని విని, ఒకరికొకరు మార్కులు వేసుకుని దిద్దుకునేవాళ్ళు. ఆ ఫలితాలు ట్రైనింగ్‌వి మాత్రమే కావు, ఆ కూర్చోబెట్టి మాట్లాడించడానివి కూడా. దీన్నే సూపర్‌విజన్ అంటారు. తనిఖీ కాదు అది, రిజిస్టర్‌లో సంతకాలు చూడడం అంతకన్నా కాదు. పైన అనుభవం ఉన్న మనిషి, కింద పనిచేస్తున్న మనిషి మోస్తున్న బరువును పంచుకుని, తప్పు ఉంటే దిద్దే పని.

బడ్జెట్ కోత పడితే మొదట పోయేది ఇదే. నేను పనిచేసిన చోట మొదటి ఏడాది రెండు వారాలకొకసారి సీనియర్ వచ్చేవారు. రెండో ఏడాది "ఇప్పుడు మీకు వచ్చేసింది కదా" అని ఆ పద్దు తీసేశారు. నేను చూస్తున్న ఒక అబ్బాయి ఆత్మహత్య చేసుకున్నప్పుడు నాకు దాని గురించి మాట్లాడడానికి ఆఫీసులో ఒక్కరు లేరు, మరుసటి రోజు పదకొండు మంది అపాయింట్‌మెంట్లు మాత్రం ఉన్నాయి. ఆ ఏడాది ఐదుగురిలో ముగ్గురం మానేశాం. మా మీద పెట్టిన ట్రైనింగ్ డబ్బంతా మాతోపాటే గేటు దాటింది.

లెక్క వేసి చూపిస్తాను, ఇది ఊహకి వేసిన లెక్కే. వంద మందికి ట్రైనింగ్ ఇచ్చారు. ఏడాదికి నలుగురిలో ఒకరు మానేస్తే మూడేళ్ళకి మిగిలేది 42 మంది. అదే పదిమందిలో ఒకరే మానేస్తే 73 మంది. ఆ తేడా 31 మంది. వాళ్ళని మళ్ళీ వెతికి, తీసుకుని, నేర్పడానికయ్యే ఖర్చు, మధ్యలో వదిలేసిన రోగులకు జరిగిన నష్టం కలిపితే ఎంతవుతుందో చూసి, నలుగురైదుగురు సూపర్‌వైజర్ల జీతం దాని పక్కన పెట్టి పోల్చండి.

ఈ పద్ధతి విషయంలో ఇంకో రెండు మాటలు. తీవ్రమైన జబ్బులకి, భ్రమలు, ఎవరూ అనని మాటలు వినిపించడం లాంటి వాటికి, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితులకి కార్యకర్త ఒక్కరే చాలరు, పైకి పంపే దారి ఉండాలి, పంపిన చోట మనిషి ఉండాలి. రెండోది, ఈ పని చేసేది దాదాపు అన్ని చోట్లా ఆడవాళ్ళే. వాళ్ళకి ఇప్పటికే టీకాలు, కాన్పులు, సర్వేలు ఉన్నాయి. దీన్ని కూడా సేవ అని పేరు పెట్టి, నామమాత్రపు పారితోషికంతో నెత్తిన పెడితే అది పథకం కాదు, అన్యాయం. జీతం పద్దు లేని ప్రతిపాదనకి ఒప్పుకోవద్దు.

మిగతా దారులు, క్లుప్తంగా

కోలుకున్న వాళ్ళనే సిబ్బందిగా తీసుకోవడం ఒకటి ఉంది, పీర్ సపోర్ట్ వర్కర్ అంటారు. అమెరికాలో 2007లో కేంద్ర ప్రభుత్వం, పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ నిధులు ఈ పనికి వాడొచ్చని రాష్ట్రాలకు లేఖ రాసి గుర్తింపు ఇచ్చింది. అదే దారిలో వెళ్ళొచ్చిన మనిషి చెబితే వినే చెవి వేరు. ఇది ఒంటరిగా కాదు, జీతం ఇస్తూ నేర్పడం, ఊళ్ళో మనుషులకే నేర్పడం అన్న పై రెండు పద్ధతుల్లో దేనితోనైనా కలిపి పెట్టాల్సింది.

ఫోన్ లైన్లు. భారత్‌లో 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీమానస్ నంబరు 14416, తెలుగుతో సహా ఇరవై దాకా భాషల్లో మాట్లాడతారు. దూరం తగ్గుతుంది, సిగ్గుపడేవాళ్ళు కూడా ఫోన్ చేయగలుగుతారు. అయితే ఫోన్ ఎత్తేవాళ్ళు కూడా మనుషులే, అలసిపోయే మనుషులే, కాబట్టి సిబ్బంది సమస్య ఇక్కడా అదే.

సిబ్బందికి కాకుండా సేవకి డబ్బు కట్టడం ఇంకో దారి. ఆస్ట్రేలియా 2006లో బెటర్ యాక్సెస్ పేరుతో, డాక్టర్ రాసిస్తే సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళిన సెషన్లకి ప్రభుత్వ బీమా నుంచి డబ్బు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. చికిత్స పొందేవాళ్ళు బాగా పెరిగారు. కానీ సైకాలజిస్టులు ఉన్న చోటే కదా ఆ డబ్బు ఖర్చయ్యేది, వాళ్ళుండేది నగరాల్లో, కలిగినవాళ్ళ పేటల్లో, దాంతో మారుమూల వాళ్ళకి, పేదవాళ్ళకి అందింది తక్కువ. మీది రెండో రకం కొరత అయితే దీని జోలికి పోవద్దు, తేడా ఇంకా పెరుగుతుంది.

డబ్బు ఎలాంటిదో కూడా చూడండి

ఒకేసారి వచ్చే డబ్బు వేరు, ఏటా వచ్చే డబ్బు వేరు. ఒకేసారి వచ్చేదాన్ని జీతాలకి పెడితే మూడో ఏడాది మనుషుల్ని తీసేయాల్సి వస్తుంది. కాలిఫోర్నియా 2004లో ఓటింగ్ పెట్టి, ఏడాదికి పది లక్షల డాలర్లకు మించిన ఆదాయం మీద 1 శాతం అదనపు పన్ను వేసి, దాన్ని మానసిక ఆరోగ్యానికే కేటాయించింది. ఇది ఏటా వచ్చే డబ్బు. అయితే ధనికుల ఆదాయం మీద ఆధారపడ్డది కాబట్టి ఒక ఏడాది పొంగుతుంది, ఒక ఏడాది ఎండుతుంది. అందులో సిబ్బంది శిక్షణకని మొదట్లో విడిగా పెట్టిన వాటాకి పదేళ్ళ గడువు కూడా ఉండేది. మీ దగ్గరా ఏదైనా సెస్సు, ప్రత్యేక నిధి పెట్టాలన్న మాట వస్తే, మంచి ఏడాది మిగిలినదాన్ని చెడ్డ ఏడాదికి దాచే నియమం ఉందా అని అడగండి.

పాత చోటి నుంచి కొత్త చోటికి మళ్ళించడం కూడా ఒక దారే. బ్రెజిల్ 2001లో చట్టం చేసి, పెద్ద మెంటల్ హాస్పిటళ్ళ పడకలు తగ్గిస్తూ, ఆ డబ్బుని ఊళ్ళ దగ్గరి మానసిక ఆరోగ్య కేంద్రాలకు మళ్ళించింది. 2006 నాటికి హాస్పిటళ్ళ కన్నా బయటి సేవల మీద ఖర్చు ఎక్కువైంది. దీనికి అయిదారేళ్ళు రెండు చోట్లా ఖర్చు పెట్టే ఓపిక కావాలి. బయట మనిషి తయారు కాకముందే లోపల పడక తీసేస్తే రోగి చేరేది రోడ్డు మీదికో, జైలుకో.

నేనైతే ఏం చేస్తాను

డబ్బు బాగా తక్కువ, మూడేళ్ళే హామీ అంటే: ఊరి కార్యకర్తలకి జీతంతో పని, ప్రతి పది పదిహేను మందికి ఒక పూర్తికాలం సూపర్‌వైజర్, పైన వారానికొకసారైనా అందుబాటులో ఉండే ఒక సైకియాట్రిస్ట్. కార్యకర్తల సంఖ్య తగ్గించుకునైనా సరే సూపర్‌వైజర్‌ని ఉంచుతాను. వంద మందిని ఒంటరిగా వదలడం కన్నా అరవై మందిని నిలబెట్టడం మేలు.

మధ్యస్థంగా ఉంది, ఏటా వస్తుంది అంటే: జీతం ఇస్తూ నేర్పే పద్ధతి, రెండు మెట్లతో. కింది మెట్టు వాళ్ళకి అక్కడే ఉంటూ జీతం పెరిగే దారి మొదటి రోజే రాసిపెట్టాలి, లేకపోతే అందరూ పైకి వెళ్ళిపోయి కింద ఖాళీ అవుతుంది.

పదేళ్ళ భరోసా ఉంటే సీట్లు, కానీ పై రెండింటిలో ఒకటి నడుస్తూ ఉండగానే. ఈ స్పెషలిస్టుల పనిగంటల్లో కొంత భాగం కింది వాళ్ళకి నేర్పడానికే అని ఉద్యోగ ఒప్పందంలో ఉండాలి. అప్పు తీర్చే పథకాన్ని మాత్రం ఫలానా ఊరికి ఫలానా పోస్టు నింపాలి అన్నప్పుడే, చిన్న మోతాదులో వాడతాను, అదీ చదువు పూర్తయిన వాళ్ళకే.

మీటింగులో ప్రతిపాదన కాగితం చేతికొచ్చాక మొదటి పేజీలో ఎంతమందికి ట్రైనింగ్ అన్న అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని వదిలి వెనక పేజీల్లో ఖర్చుల పట్టికకి వెళ్ళండి. సూపర్‌విజన్ అన్న పద్దు ఉందో లేదో చూడండి. ఉంటే ఎన్నేళ్ళకి రాశారో, ఎవరి జీతం కిందో అడగండి. లేకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా వెనక్కి ఇచ్చి, ఆ పద్దు చేర్చి తెమ్మనండి.